మూడు గంటల నీళ్లు

ఉగాది దాటిందంటే నిర్మల్‌లో చలివేంద్రాలు వెలుస్తాయి. నాలుగు బొంగులు, పైన తడకలు, కింద రెండు మూడు మట్టి రంజన్లు. మొదటి రోజు పూలదండ, కొబ్బరికాయ, ఫొటో. మే నడిమికి ఎండ 44, 45 డిగ్రీలు తాకేసరికి ఆ రంజన్లలో కొన్ని అడుగంటి కనిపిస్తాయి. ప్రారంభించినవాళ్లను తప్పుపట్టను, ఆ మాత్రం పూనుకునేవాళ్లు కావాలి. కానీ రోజూ ఆ రంజన్ నింపే మనిషి గురించే నాకు ఎక్కువ ఆలోచన.

మా వాడలో రంజన్ పెట్టింది మా అమ్మ. వేపచెట్టు కింద ఇసుక పోసి, దాని మీద కూర్చోబెట్టి, గోనెసంచి చుట్టి తడిపేది. కొత్తది కొంటే నీళ్లు పోసి, పారబోసి, మళ్లీ పోసి, మట్టివాసన కాస్త విరిగాకే బయట పెట్టేది. లోపల పీచుతో రుద్దేది తప్ప సబ్బు తగలనిచ్చేది కాదు. మట్టి సబ్బును పీల్చుకుందంటే ఆ రుచి నీళ్లను ఒక పట్టాన వదలదు.

రంజన్ గోడలోని సన్నని రంధ్రాల్లోంచి ఊరిన తడి ఆవిరవుతూ లోపలి వేడిని పట్టుకుపోతుంది. గాలి ఎంత పొడిగా ఉంటే నీళ్లు అంత చల్లన. అందుకే ఉక్కపోసే సముద్రపు ఒడ్డు ఊళ్లకంటే మన ఆదిలాబాద్ వైపు కుండ నీళ్లు బాగా చల్లబడతాయి. మనల్ని మాడ్చే వడగాలే రంజన్‌కు మేలు చేస్తుంది.

అమ్మ బీడీలు చేసేది. ఒళ్లో చాట, చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. కూలి వెయ్యి బీడీల లెక్కన. లేచిన ప్రతిసారీ లెక్క వెనకబడుతుంది. అయినా బయట నుంచి "అక్కా, జరన్ని నీళ్లు" అని వినిపిస్తే చాట దించేది. తంబాకు వాసన నీళ్లకు అంటొద్దని ముందు చేతులు కడుక్కునేది. "గా అరుగు మీద కూసో బిడ్డా, ఎండల పడి వచ్చినవ్, జర ఆగి తాగు" అని చెంబు ముంచేది. ముందు దోసిట్లోకి సన్నటి ధార. తాగేవాళ్ల గొంతు కదలిక చూసి ధార పెంచేది, తల ఊపగానే ఆపేది. చివరన ముఖం కడుక్కోవడానికి ఇంకో చెంబు.

చాట దించే వీలు లేనప్పుడు మమ్మల్ని పంపేది. "చెంబు గంత పైకెత్తకు, మీద చిల్లుతయ్. వంగి పొయ్యి" అని కూర్చున్న చోటు నుంచే చెప్పేది. నీళ్లకొచ్చిన మనిషిని ఏ ఊరు, ఎవరింటికి అని అడగనిచ్చేది కాదు. తాగినంక చెప్పాలనిపిస్తే ఆయనే చెప్తడు అనేది. దోసిట్లో పోయడానికి మన ఊళ్లలో ఒక చేదు చరిత్ర ఉంది. ముంత ముట్టనీయకుండా దూరం నుంచి పోసిన నీళ్లు ఎందరి గొంతుల్లోనో ఇంకా చేదుగానే ఉన్నాయి. అందుకే అమ్మ చెంబు పక్కన గ్లాసు కూడా పెట్టేది, ఎవరికి ఎట్లా ఇష్టమైతే అట్లా తాగడానికి. రంజన్‌కు గొలుసుతో కట్టేసిన గ్లాసును నేనిప్పటికీ చూడలేను. దాహం తీరుస్తూనే దొంగవేమో అని అనుమానించినట్టుంటుంది. గ్లాసు పోతే పోనీ, ఇంకోటి పెట్టుకుందాం.

ఈ పని మన నేలకు చాలా పాతది. శాతవాహన రాజు హాలుడు కూర్చిన గాథాసప్తశతిలోనే చలిపందిట్లో నీళ్లు పోసే అమ్మాయి, దప్పిగొన్న బాటసారి కనిపిస్తారు. శాతవాహనుల నాణేలు దొరికిన కోటిలింగాల మన గోదావరి ఒడ్డుదే కదా! మొహర్రంలో, కర్బలాలో దప్పికతో అమరులైనవారి యాదిలో ముస్లింలు సబీల్ పెట్టి నీళ్లు, షర్బత్ పంచుతారు. సిక్కులు గురు అర్జన్ బలిదానం తలచుకుంటూ ఎండాకాలంలో తియ్యటి నీళ్లు పోస్తారు. దాహంతో పోయినవాళ్లనో, హింస పడి పోయినవాళ్లనో తలచుకోవడానికి ఇంతమందికి నీళ్లే తోచాయి.

అమ్మ పోసిన నీళ్లు తాగినవాళ్లు ఏమనుకున్నారో చెప్పలేను. చాలామంది మళ్లీ ఆ దారిన రాలేదు. మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం చెప్పగలను. గల్ఫ్‌లో పనిచేసే మా అన్న ఉండే క్యాంపులో ఆయన గది ముందు చల్లనీళ్ల క్యాను ఉంటుంది. నేపాలీలు, బెంగాలీలు డ్యూటీ దిగి వస్తూ అక్కడ ఆగుతారు. క్యాను కడిగి నింపేది ఆయనే. ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. చెంబు పట్టుకుని వంగడం ఒకసారి నేర్చిన చెయ్యి ఊరు మారినా ఊరుకోదు మరి. మా చెల్లె తన పిల్లలతో గోడ మీద పిట్టలకు మూకుట్లో నీళ్లు పెట్టిస్తుంది, వాకిట్లో పశువులకు గోలెం నింపిస్తుంది.

ఈ ఎండాకాలం మీ బజారులో ఎవరో ఒకరు రంజన్ పెట్టే ఉంటారు. పొద్దున అది నిండే ఉంటుంది. ఎండ మండిపోయే మధ్యాహ్నం మూడింటికి ఒకసారి మూత తీసి చూడండి. అడుగంటితే ఇంట్లోంచి ఒక బిందె తెచ్చి పోయండి, గోనెసంచి ఎండితే తడపండి. అందుకు బ్యానర్ మీద పేరున్నవాళ్లను అడగాల్సిన పని లేదు.