పిచ్చుకుంట్ల: ఒక గాయకనామపు అర్థపరిణామం

తెలుగునాట కథాగాయకుల పేర్లలో పలుమాటలు వాద్యం నుంచి పుట్టాయి. ఒగ్గు, శారద అనేవి ముందు వాద్యాలు. కథకూ కథకులకూ ఆ పేర్లు తరువాత అంటుకున్నాయి. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీథిలో పాడే జక్కుల పురంధ్రి పేరును యక్షశబ్దంతో ముడిపెట్టడం పరిశోధకులకు పరిచితమే. పిచ్చుకుంట్ల అనే పేరు ఈ రెండు తెగలలోనూ ఇమడదు. అది వాద్యాన్ని గానీ దైవాన్ని గానీ చెప్పక, శరీరాన్ని చెబుతుంది.

పాల్కురికి సోమనాథుని పండితారాధ్య చరిత్రలోని పర్వతప్రకరణంలో పిచ్చుకుంటులు శ్రీశైలయాత్రికుల నడుమ కాలుసేతులు లేని యాచకులుగా కనిపిస్తారు. 13వ శతాబ్ది నాటి ఈ ద్విపదలో వారి పాట దీనాలాపం. వంశకథనం ప్రసక్తి అక్కడ లేదు. తరువాతి కాలంలో అదే పేరు కాపుల, రెడ్ల గోత్రాలను, వంశచరిత్రలను చెప్పే గాయకకులానిది. అవయవలోపం ఆ వృత్తికి అవసరం కాదు. మరి పేరు ఎలా నిలిచింది?

దీనికి కులగాథ ఒక జవాబు ఇస్తుంది. సోదరులలో ఒకడు అవిటివాడు. మిగిలినవారు అతని పోషణకు ఏటేటా కొంత ఇవ్వడానికి ఒప్పుకున్నారు. అతని సంతతి ఆ వంశాన్ని కీర్తిస్తుంది. ఈ గాథను పుట్టుపూర్వోత్తరాలకు సాక్ష్యంగా తీసుకోవడం పొరపాటు. ‘భిక్ష’, ‘కుంటి’ అని పదాన్ని విడదీసే వ్యుత్పత్తి వలెనే ఇదీ పేరును చూసి వెనుకకు అల్లిన కథ కావచ్చు. అయితే దాని విలువ మరొకచోట ఉంది. యాచనను అది దాయభాగంగా మార్చింది. గాయకుడు గుమ్మం ముందు నిలిచింది బిచ్చానికి కాదు, అన్నదమ్ముల నుంచి రావలసిన వాటాకు. పేరులోని అవమానాన్ని తుడిచివేయకుండానే దాని అర్థాన్ని తిప్పిన ఈ నేర్పును వ్యుత్పత్తిచర్చలు తగినంతగా గుర్తించలేదనే చెప్పాలి.

సంస్కృత సంప్రదాయంలో సూతుడు పౌరాణికుడు, వంది స్తుతిపాఠకుడు, మాగధుడు వంశశంసకుడు. పని దృష్ట్యా పిచ్చుకుంట్ల మాగధుడే. కానీ వందిమాగధులు అనగానే రాజసభ తలపునకు వస్తుంది. పిచ్చుకుంట్ల అనగానే ఊరి వాకిలి. విద్య ఒకటే అయినా పోషకుని అంతస్తును బట్టి పేరు మారింది. ఒకటి కావ్యవర్ణనలలో గౌరవపదమైంది, మరొకటి యాచకకులాల పట్టికకు చేరింది. జానపద వాఙ్మయ చరిత్రలు సైతం ఈ రెంటినీ వేరువేరు అధ్యాయాలలో ఉంచడం ఆ పాత అంతస్తుల కొనసాగింపే.

వెనుకబడిన తరగతుల జాబితాలో ఈ కులం ఇప్పుడు వంశరాజ్. వృత్తిని ముందుంచే ఈ పేరు మాగధశబ్దానికి దగ్గరగా వచ్చింది.  నిఘంటుకారులు సోమనాథుని నాటి అర్థాన్నీ కులనామాన్నీ ఒకే ఆరోపంలో కలిపివేయక, కాలక్రమంలో విడివిడిగా చూపవలసి ఉంది. లేనిచో శ్రీశైలయాత్రికుని అవిటితనాన్ని, నేటికీ గోత్రాలు చెప్పే కథకునికి అంటగట్టినట్లవుతుంది.