కోరికకు కొలువు మార్చిన కవి

"కోరికలను చంపుకొనుడు" అను బోధ మన భజనమందిరములలో తఱచుగా వినవచ్చును. బోధించు పెద్దలు సదుద్దేశముతోనే చెప్పుచున్నారు. కాని ఆ ఉపన్యాసము ముగియగానే త్యాగరాజస్వామివారి కృతి నొకదానిని పాడుట మన వాడుక. ఆ కృతిని పదపదముగా విడదీసి చూచినచో, ఉపన్యాసములోని బోధకును పాటలోని భావమునకును పొంతన కుదరదు. త్యాగయ్యగారు కోరికను చంపుమనలేదు. దానికి వేఱొక పని చూపిరి. ఈ భేదము చిన్నదిగా తోచవచ్చును గాని, సంసారములో నుండియే సాధన చేయదలచిన గృహస్థులకు ఇంతకంటె ముఖ్యమైన విషయము లేదు. కావున ఆయన కృతులు కొన్నింటిని తీసికొని, ఆ పని ఎట్లు జరిగినదో పరిశీలింతము.

త్యాగయ్యగారు 1767లో తిరువారూరున పుట్టి, 1847లో తిరువయ్యారున దేహము చాలించిరి. కావేరీతీరమున స్థిరపడిన తెలుగు కుటుంబము వారిది. ఆయన బ్రతుకు గడచినది అడవిలో గాదు, అగ్రహారపు వీథిలో. భార్యయు, కూతురును, శిష్యులును గల ఇల్లది. ఉంఛవృత్తితో తెచ్చిన బియ్యమే ఆ ఇంటికి ఆధారము. ఆకలి, రుచి, పేరు, ధనము అనునవి నిత్యము తలుపు తట్టు చోటనే ఆయన సాధన సాగినది. అందుచేతనే ఆ కృతులలోని ఉపమానములు శాస్త్రగ్రంథములనుండి గాక వంటింటినుండి, నూతిగట్టునుండి, రాజుగారి కొలువునుండి వచ్చినవి.

మొదట "నిధి చాల సుఖమా" అను కల్యాణి రాగకృతిని చూతము. తంజావూరు ప్రభువు ఆహ్వానమును నిరాకరించిన సందర్భమున దీనిని పాడిరని సంప్రదాయము. ఇందులో ఆయన ధనము చెడ్డదని తీర్పు చెప్పలేదు. పెరుగు, వెన్న, పాలు రుచిలేనివనియు చెప్పలేదు. ఒక ప్రక్క వానిని, మఱియొక ప్రక్క రాముని ధ్యానభజనలలోని రసమును నిలిపి, ఏది రుచి అని తన మనస్సునే అడిగిరి. అట్లే శమదమములనెడి గంగలో స్నానమును, విషయములనెడి బురదనూతిలోని స్నానమును ఎదురెదురుగా నుంచిరి. పిదప మమకారబద్ధులైన మనుష్యులను పొగడుటకును, భగవంతుని పొగడుటకును గల తారతమ్యమును అడిగిరి. కృతి యంతయు ప్రశ్నలతోనే నడచినది. మనస్సును గద్దించినచో అది మొండికెత్తును, అడిగినచో ఆలోచించును. నాలుక రుచిని కోరుట సహజమే గనుక, ఆ కోరెడి శక్తిని అణచక, అంతకంటె మేలైన రుచిని దానికి పరిచయము చేయుటయే ఇందలి మార్గము. కోరిక పుట్టిన క్షణమున మనిషి నిలిచి, "ఏది సుఖము?" అని ఒక్కమాఱు అడుగగలిగినచో అప్పటికే వాడు మేల్కొన్నవాడు.

రెండవది హంసనాద రాగములోని "బంటురీతి కొలువు". సంగీతశాస్త్రము తెలిసినవారు దీనిని గుఱించి ఎంతో వ్రాసియుందురు. నేను మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, కచేరీలో గుమాస్తాగా తల నెఱపించుకొన్నవాడను గనుక, నా కంటికి ఆనినది అందలి ఉద్యోగపు పరిభాష. కొలువు కావలెనని అర్జీ పెట్టుకొనుటతో ఆ కృతి ఆరంభమగును. భటునకు కవచము, ముద్రబిళ్ల, కత్తి కావలెను గదా! మేని గగుర్పాటు కవచమట, రామభక్తుడను పేరు బిళ్లయట, రామనామము కత్తియట. పూర్వము కచేరీలలో బిళ్లబంట్రోతు అనువాడుండెడివాడు. నడుమున బిళ్ల ధరించి అతడు నిలిచినచో దొరతనమే నిలిచినట్లుండెడిది. ఉద్యోగము కావలెను, దుస్తు కావలెను, పదిమంది దారి తొలగవలెను అను ఆశ మనుష్యులలో ఎంత బలమైనదో కచేరీ మెట్లెక్కిన వారందఱికిని తెలియును. త్యాగయ్యగారు ఆ ఆశలోని ఒక్క వస్తువును పాఱవేయలేదు. దుస్తును, బిళ్లను, కత్తిని అన్నిటిని ఉంచుకొని యజమానిని మాత్రము మార్చుకొనిరి.

ఇందు గగుర్పాటును కవచముగా చెప్పుట సామాన్యమైన ఊహ గాదు. భయము కలిగినను, మోహము కలిగినను మేను గగుర్పొడుచును. దేహమునకు ఆ పులకరింత ఒక్కటే. దానిని పుట్టించిన కారణమే వేఱు. మనిషిని లొంగదీయు ఆ పులకరింతయే ఇక్కడ మనిషిని కాపాడు తొడుగైనది. దేనిచేత పడిపోవుదుమో దానితోనే నిలువవచ్చునని చూపుటయే ఈ కృతికి ప్రాణము. చెఱకువింటివాడగు మన్మథుని, మదము మొదలైన వానిని పడగొట్టు పనియే ఈ బంటు కోరిన ఉద్యోగము. కాపలావాడు నిద్రపోరాదు. మెలకువయే వాని ఉద్యోగధర్మము.

మూడవది సారమతి రాగములోని "మోక్షము గలదా". ప్రాణవాయువును, దేహాగ్నియు కలియుటచే ప్రణవనాదము పుట్టి సప్తస్వరములై విలసిల్లుచున్నదని ఇందు చెప్పబడినది. కోపములో బుసకొట్టునదియు, ఆశలో నిట్టూర్చునదియు, షడ్జము నిలుపునదియు ఒకే ఊపిరి. ఇక వీణావాదనమునందు పరమేశ్వరునకు గల ఆసక్తిని తెలుపుటకు కవి ఎన్నుకొన్న మాట "లోలుడు". లోకములో ఈ మాటను వ్యసనపరుని గుఱించియే ఎక్కువగా వాడుదుము. దానినే శివునకు అన్వయించుటలో, లోలత్వము దోషము గాదు, అది దేనియందు నిలిచినది అనునదే విచారింపవలసినది అను తత్త్వము ఇమిడియున్నది.

అయితే ఇది సోమరులకు ఊఱట యగు ప్రమాదము కలదు. "నా కోరిక దేవునివైపే తిరిగినది" అని చెప్పుకొనుట సులభము. ఆ ప్రమాదమును త్యాగయ్యగారు ఎఱుగని వారు గారు. "తెలియలేరు రామ" అను ధేనుక రాగకృతిలో, వేకువనే లేచి స్నానము చేసి, విభూతి పూసికొని, వ్రేళ్లు లెక్కించుచు లోలోపల పైకమునందే ఆశ గలవారిని చూపించిరి. పంచరత్నములలోని "దుడుకు గల" అను గౌళ రాగకృతిలో మఱింత ముందుకు పోయి, ఏయే కాలము దేనిదేని కొఱకు తిరుగుటతో వ్యర్థమైనదో పద్దులు వ్రాసినట్లు వరుసగా తమ మీదనే వ్రాసికొనిరి. లెక్క వ్రాయని వానికి లోటు తెలియదు. కోరిక నిజముగా దారి మార్చుకొన్నదో లేదో తేల్చునది ఈ లెక్కయే.

విమర్శకు పూనుకొన్న పిదప ఒక కొఱతను గూడ చెప్పక తప్పదు. స్త్రీపురుషుల నడుమ నుండు అనురాగమును త్యాగయ్యగారు "నౌకాచరిత్రము"లో కొంత స్పృశించిరే గాని, కృతులలో దానిని చాలవఱకు బంధముగానే చూచిరి. ఆ పనిని అంతకు పూర్వము పదునేడవ శతాబ్దమున మువ్వగోపాల ముద్రతో పదములు రచించిన క్షేత్రయ్య చేసెను. ఎదురుచూపు, అలుక, ఈర్ష్య, సిగ్గు మొదలైన వానిలో ఏ ఒక్కదానిని దాచక, అన్నింటిని గోపాలుని ముంగిట పెట్టెను. క్షేత్రయ్య పదము వినలేనివాడు త్యాగయ్య కృతిని సగమే వినును. బెంగుళూరు నాగరత్నమ్మగారు ఈ రెండును వేఱు గావని ఆచరణలో చూపిరి. ముద్దుపళని రచించిన శృంగారకావ్యము "రాధికాసాంత్వనము"ను 1910లో ప్రచురించినదియు, తమ ఆర్జనను వెచ్చించి తిరువయ్యారులో త్యాగయ్యగారి సమాధిమందిరమును కట్టించి 1925లో ప్రతిష్ఠ జరిపించినదియు ఆమెయే. ఆర్జించిన సొమ్మునకు ఆమె కొలువు మార్చినది.

ఇక మన ఇండ్ల సంగతి. తరతరములుగా తమిళనాట, కర్ణాటకమున స్థిరపడిన మన కుటుంబములలో పిల్లలు ఈ కృతులను చక్కగా పాడుచున్నారు. శ్రుతి తప్పరు, తాళము తప్పరు. కాని అనేకులు తెలుగు లిపిని ఎఱుగరు. తమిళలిపిలో "దానము" అని వ్రాసినను, "తానము" అని వ్రాసినను అక్షరములు ఒకటే. అక్షరముల మీద అంకెలు వేసి భేదము చూపవచ్చును గాని, అర్థమును ఏ అంకెయు చూపలేదు. బంటు అనగా ఎవరో, బిళ్ల అనగా ఏమో తెలియక పాడునపుడు ఆ కృతి వీనులకు విందగును, అంతటితో సరి. వీనులవిందు గూడ ఒక రుచియే గదా! కోరికను మేల్కొలుపుటకు పుట్టిన పాట, మఱియొక కోరికను తీర్చు వస్తువుగా మిగిలిపోవుచున్నది. మనము పోగొట్టుకొనునది భాష మాత్రమే గాదు. ఆ భాషలో తాతముత్తాతలు దాచిన సాధనమార్గము.

దీనికి పెద్ద సంస్థలు అక్కఱలేదు. ప్రతి ఇంటిలోను నెలకొక్క కృతిని ఎన్నుకొని, పిల్లలు పాడకముందు ఇంటిలోని పెద్ద ఎవరైన మాటమాటకును అర్థము చెప్పుట చాలును. మామ్మగారు గాని తాతగారు గాని పండితులు కానక్కఱలేదు. పెరుగు రుచి ఎఱిగినవారికి "నిధి చాల సుఖమా"కు అర్థము చెప్పుట కష్టము గాదు. అర్థము తెలిసిన పిల్లవాడు రేపు పెద్దవాడై, ఒక ఆశ వచ్చి భుజము తట్టినపుడు ఆ ప్రశ్నను తనంత తానే జ్ఞాపకము చేసికొనును. అపుడు వానికి అండగా నిలుచునది రాగజ్ఞానము గాదు, అర్థము తెలిసిన ఆ ఒక్క మాటయే.