ఊరికే అరిచే సైరన్

కారు అలారం ఊరికే మోగుతోందంటే మన దగ్గర ముందుగా వినిపించే సలహా, వైరు తెంపెయ్యమని. మా మేనల్లుడికీ అదే చెప్పారు. వాడిది రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారు, సెకండ్ హ్యాండులో కొన్నాడు. తార్నాకలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే పెడతాడు. ఎండలు ముదిరాక అది వేళాపాళా లేకుండా కూత పెట్టడం మొదలైంది. "మామా, నేను డోర్ కూడా ముట్టలే, దానంతటదే మొత్తుకుంటుంది" అన్నాడు. మెకానిక్‌ని అడిగితే, "సైరన్ వైరు కట్ చేసెయ్యండి సార్, లొల్లి ఉండదు" అని తేల్చేశాడు.

లొల్లి ఉండదు, నిజమే. కాపలా కూడా ఉండదు. ఎందుకు మోగుతోందో తెలుసుకోకుండా నోరు నొక్కెయ్యడాన్ని రిపేరు అనడానికి నాకు మనసొప్పదు.

మోగనిస్తూ ఊరుకోవడం అంతకన్నా తప్పు, అందులోనూ మా పేటలో. ఒక పక్క ఉస్మానియా యూనివర్సిటీ, ఇటు జాతీయ పోషకాహార సంస్థ, హబ్సిగూడ వైపు ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్‌ఐ. చదువుల మీద, పరిశోధన మీద బతికే చోటు ఇది. గ్రూప్స్‌కు ప్రిపేరయ్యే పిల్లలు క్యాంపస్ లైబ్రరీ చుట్టుపక్కల, చెట్ల కింద పుస్తకాలు పట్టుకుని రోజంతా కూర్చుంటారు. రాత్రికి ఈ గల్లీల్లోని అద్దె గదులకే చేరతారు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రి పది దాటితే శబ్దం 45 డెసిబెల్స్ మించకూడదు. విద్యాసంస్థలు, ఆసుపత్రుల చుట్టూ ప్రకటించే నిశ్శబ్ద మండలంలో అయితే 40. కారు సైరన్‌కు ఐరోపా నిబంధనలు పెట్టిన కనీస స్థాయే రెండు మీటర్ల దూరంలో 105. అంత శబ్దం ఉత్తిపుణ్యానికి వస్తుంటే మొదటి రాత్రి నలుగురు కిందికి దిగి చూస్తారు, వారం తిరిగేసరికి కిటికీలు మూసుకుంటారు. నాన్నా పులి కథే. పులి నిజంగా వచ్చిన రాత్రి ఎవరూ రారు.

ఇంతకీ ఈ సైరన్‌కు రోగం ఎక్కడ పుడుతుంది? మామూలు హారన్‌కు కరెంటు కారు బ్యాటరీ నుంచి వస్తుంది, బ్యాటరీ వైరు తీసేస్తే హారన్ చచ్చిపోతుంది. దొంగలకు ఇది తెలుసు. అందుకే ఖరీదైన కార్లలో సైరన్‌కు దాని పొట్టలోనే చిన్న బ్యాటరీ పెడతారు. కారు కరెంటు పోయిందంటే దొంగ పడ్డాడని లెక్క, సొంత బ్యాటరీతో అరుస్తుంది. ఆలోచన గొప్పదే. కానీ ఆ సొంత బ్యాటరీ సాధారణంగా నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్స్ పేర్చినది. ఏళ్ల తరబడి నిరంతరం ఛార్జవుతూ, బానెట్ కింది వేడికి మగ్గుతూ ఉంటుంది. మన ఏప్రిల్, మే నెలల్లో బయటే నలభై దాటుతుంది, బానెట్ కింద ఇంకెంత! సెల్స్ పాతబడి కారతాయి. అందులోంచి వచ్చేది పొటాషియం హైడ్రాక్సైడ్, గట్టి క్షారం. అది సర్క్యూట్ బోర్డు మీదికి పాకి రాగి దారులను తినేస్తుంది. ఇక ఆ బోర్డు కారు పంపే కబురును సరిగా చదవలేదు, లోపల మిగిలిన ఆ కాస్త ఛార్జితో తోచినప్పుడల్లా అరుస్తుంది. దొంగను పట్టించాలని పెట్టిన బ్యాటరీయే ఇల్లు గుల్ల చేస్తుందన్నమాట.

కొత్త సైరన్ తెప్పిస్తే పని అయిపోతుంది. కానీ పాడైంది కాసిన్ని సెల్స్, ఒకటి రెండు రాగి గీతలు. వాటి కోసం మొత్తం డబ్బా పారెయ్యడం నాకు నచ్చదు. 1929లో మొదలైన ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో చదువుకున్నవాణ్ని, సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం అక్కడే వచ్చింది. తప్పు ఎక్కడుందో మీటరుతో వెతకకుండా భాగం మార్చకూడదన్న పట్టుదల కూడా ఆ ల్యాబుల్లోనే అబ్బింది.

కారు మాన్యువల్లో చెప్పిన క్రమంలోనే సైరన్ విప్పాం. అది తప్పితే విప్పుతుండగానే చెవులు పగిలేలా అరుస్తుంది. డబ్బాకు స్క్రూలు లేవు, ప్లాస్టిక్ అంచులు కలిపి అతికించేశారు. హాక్సా బ్లేడును చేత్తోనే పట్టుకుని, అతుకు వెంబడి, లోతు పోకుండా నెమ్మదిగా కోశాం. మూత లేవగానే సంగతి అర్థమైపోయింది. సెల్స్ కొసల్లో తెల్లటి పొక్కు, దాని అంచున రాగి చిలుము పట్టి పచ్చగా మారిన మరక. ఆరు సెల్స్ కలిపి 7.2 వోల్టులు చూపించాల్సిన చోట మీటరు రెండు కూడా చూపలేదు.

ఇక్కడ తొందర పనికిరాదు. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు ఉండాలి. పాత సెల్స్ తీసేశాక, క్షారాన్ని విరవడానికి నిమ్మరసం చాలు. పాత టూత్‌బ్రష్‌తో పొక్కు మీద రుద్దితే సన్నగా బుసబుసమని నురుగొస్తుంది. నురుగు ఆగేదాకా రుద్ది, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరబెట్టాం. బోర్డును లైటుకు అడ్డంగా పట్టుకుని చూస్తే ఒక రాగి దారి మధ్యలో తెగి ఉంది. రెండు వైపులా పైపూతను బ్లేడుతో గీకి, మెరిసే రాగి కనిపించాక సన్న తీగ వేసి అతికాడు మా వాడు. చెయ్యి వణకలేదు, చూడముచ్చటేసింది.

సెల్స్ కోసం కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లాం. చెవులున్న సెల్సే అడిగి తీసుకోవాలి, అంటే కొసలకు ముందే రేకు ముక్కలు వెల్డు చేసి ఉన్నవి. మామూలు సెల్ మీద నేరుగా ఐరన్ పెడితే వేడికి లోపలి సీలు దెబ్బతింటుంది, మళ్లీ కారడం ఖాయం. పాతవాటి వోల్టేజీ, సైజు, రకం మూడూ కలవాలి. లిథియం సెల్స్ పెడదామనిపిస్తుంది, పెట్టకూడదు. ఈ ఛార్జింగ్ సర్క్యూట్ వాటి కోసం చేసింది కాదు.

పరీక్ష ఇంకో పెద్ద పని. సెల్లార్‌లో మోగిస్తే మొదటికే మోసం. పాత బొంతలో సైరన్‌ను చుట్టి, బీరువాలో పెట్టి, వైర్లు మాత్రం బయటికి తీసి కరెంటిచ్చాం. చాలాసేపు నోరెత్తలేదు. అప్పుడు వైరు లాగేశాం. బొంతలోంచి కూడా గుండె అదిరేలా అరిచింది. మళ్లీ కరెంటివ్వగానే ఆగింది. ఉత్తప్పుడు ఊరుకోవాలి, వైరు తెగితే అరవాలి. ఈ రెండూ చూసేదాకా మూత అతికించకూడదని మేనల్లుడికి గట్టిగా చెప్పాను. ఆ తర్వాతే అరాల్డైట్ కలిపి మూత వేశాం. బానెట్ కింద నీళ్లు పడే చోటు కాబట్టి అంచు చుట్టూ సిలికాన్ పూశాం.

పాత సెల్స్ చెత్తబుట్టలోకి పోకూడదు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కూడా వాటిని వేరుగా తీసి, సేకరించేవాళ్లకు ఇవ్వమంటున్నాయి. మా వాడు వాటిని డబ్బాలో వేసి పక్కన పెట్టాడు. సైరన్ మూత మీద సెల్స్ మార్చిన నెల, సంవత్సరం మార్కర్‌తో రాయించాను. మన ఎండలకు ఇవీ కొన్నేళ్లే వస్తాయి. కారు రేపు ఎవరి చేతికి పోయినా, వాళ్లు వైరు తెంపకముందు ఆ తేదీ కంటపడుతుంది.