మూడు మార్కుల దావా

నర్సీపట్నం కుర్రాడు లాయరు కావాలనుకుంటే కిందికి, విశాఖ వైపు పోయే బస్సే ఎక్కాలి. డిగ్రీ అయ్యాక లాసెట్ రాసి మూడేళ్ళ కోర్సులో చేరేవాళ్ళు కొందరు, ఇంటర్ కాగానే అయిదేళ్ళ కోర్సు పట్టేవాళ్ళు కొందరు. ఆ రెండోవాళ్ళ కోసం రుషికొండలో గీతం లా స్కూలు ఉంది. 1980లో ఎం.వి.వి.ఎస్. మూర్తి ఇంజనీరింగ్ కాలేజీగా ఆరంభించిన సంస్థ అది. 2007లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది, 2011లో న్యాయవిద్య మొదలుపెట్టింది. గాంధీ పేరు పెట్టుకున్న సంస్థకు గాంధీ చదివిన చదువు గుర్తుకు రావడానికి మూడు దశాబ్దాలు పట్టిందన్నమాట. బి.ఎ. ఎల్‌ఎల్‌.బి., బి.బి.ఎ. ఎల్‌ఎల్‌.బి. అక్కడి అయిదేళ్ళ కోర్సులు. ఒకదానిలో లా పక్కన రాజనీతి, చరిత్ర లాంటివి నడుస్తాయి, రెండోదానిలో వ్యాపార నిర్వహణ.

ఈ అయిదేళ్ళ కోర్సు ఆలోచన గీతానిది కాదు. బార్ కౌన్సిల్ 1982లోనే ఆ దారి తెరిచింది, 1988లో బెంగళూరు నేషనల్ లా స్కూల్లో తరగతులు మొదలయ్యాక దేశమంతా దాని వెంట పడింది. ఇప్పుడు ఏ ప్రైవేటు కాలేజీ అయినా బార్ కౌన్సిల్ 2008 నిబంధనల చట్రంలోనే సిలబస్ బిగించుకోవాలి. కాలేజీల బ్రోచర్లు విద్యార్థులు ఉత్తుత్తి కేసులు వాదించే మూట్ కోర్టు హాలు ఫొటో వేసి మురిసిపోతాయి. నాకు ముచ్చటేసేది ఆ చట్రంలో ఓ మూలనున్న నాలుగు పేపర్ల పనితనం. తప్పనిసరి లా పేపర్లు ఇరవై ముగిశాక 21 నుంచి 24 దాకా వచ్చేవి అవి: డ్రాఫ్టింగ్, వృత్తి ధర్మం, ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, మూట్ కోర్టు. ప్రాక్టికల్స్‌ను తప్పనిసరి చేయాలని కౌన్సిల్ 1997లోనే పట్టుబట్టింది.

ముందు 21వ పేపరు చూడండి. కోర్టు కాగితాల రచనలో 15 అభ్యాసాలకు 45 మార్కులు, దస్తావేజుల రచనలో మరో 15కి 45, మిగిలిన 10 మౌఖిక పరీక్షకు. అంటే ఒక్కో కాగితానికి మూడు మార్కులు. మూడు మార్కులకు ఏం పని ఉంటుందిలే అనుకుంటాం. ప్రామిసరీ నోటు దావా ఒకటి రాయించి చూస్తే తెలుస్తుంది.

అప్పిచ్చినాయన కథ పెళ్ళి ఖర్చుల దగ్గర మొదలై బావమరిది మోసం దాకా పోతుంది. దావాలో అదంతా పనికిరాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆరో ఆర్డరు రెండో రూలు చెప్పేది ఒక్కటే: దావాకు ఆధారమైన సంగతులు రాయి, వాటిని రుజువుచేసే సాక్ష్యం రాయకు. ఏడో ఆర్డరు మొదటి రూలు ఇంకా పట్టుదలగా అడుగుతుంది: కోర్టు పేరు, వాది ప్రతివాదుల వివరాలు, వ్యాజ్య కారణం ఎప్పుడు పుట్టింది, ఈ కోర్టుకే అధికారం ఎలా వచ్చింది, దావా విలువెంత, ఏం ఇప్పించమంటున్నావు. వీటిలో తేదీ దగ్గర విద్యార్థి చెయ్యి ఆగాలి. 2015 జూన్ 10న రాసిన డిమాండు నోటు అనుకుందాం. మూడేళ్ళ గడువు 2018 జూన్‌తో సరి. 2019లో దావా వేస్తే చెల్లదా? 2018 జూన్ 5న అప్పుతీసుకున్నవాడు వెయ్యి రూపాయలు కట్టి నోటు వెనక చెల్లు వేసి సంతకం పెట్టి ఉంటే చెల్లుతుంది. గడువు మళ్ళీ ఆ తేదీ నుంచి మొదలవుతుంది. ఆ చెల్లు సంగతి ఒక పేరాగా రాయడం మరిచిపోతే దావా మొదటి వాయిదాల్లోనే కూలుతుంది. లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ క్లాసులో వినడం వేరు, దాన్ని సరైన పేరాలో పెట్టడం వేరు.

దస్తావేజుల వైపు పనితనం మరోలా ఉంటుంది. క్రయ దస్తావేజుకు ప్రాణం షెడ్యూలులో ఉంది. సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు వైపుల హద్దులు. నంబరుకూ హద్దులకూ పొంతన కుదరకపోతే మామూలుగా కోర్టులు హద్దులవైపే మొగ్గుతాయి, కాబట్టి తూర్పున ఎవరి మెట్ట, పడమట ఏ గెడ్డ అన్నది తేలిగ్గా రాసేసేది కాదు. నర్సీపట్నం పిల్లలకు ఇక్కడ మిగతావాళ్ళకు లేని పాఠం ఒకటుంది. ఎక్కడా వేలు పెట్టనివ్వని దస్తావేజు రాసి, షెడ్యూలులో ఊరి పేరు ఏజెన్సీలోని చింతపల్లి అని పెట్టి, కొనేవాడు గిరిజనేతరుడైతే ఆ కాగితం విలువ సున్నా. 1959 నాటి ఒకటో రెగ్యులేషన్ ఏజెన్సీ భూమి గిరిజనేతరులకు పోకుండా కట్టడి చేసింది. 1970లో సవరణతో ఇద్దరు గిరిజనేతరుల మధ్య బదిలీ కూడా ఆగిపోయింది. మన్యంలో అందరూ వన్ ఆఫ్ సెవంటీ అనేది దీన్నే. సుప్రీంకోర్టు 1988లో దాన్ని నిలబెట్టింది. 1997 సమతా తీర్పులో, ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ప్రాంత భూమిని ప్రైవేటు గనుల కంపెనీలకు లీజుకివ్వకూడదంది. ఆ కేసు పుట్టింది మన అనంతగిరి కొండల్లోనే. ఈ ప్రాంతపు కాలేజీలు డ్రాఫ్టింగ్ పేపర్లో ఇలాంటి ఊరి పేరొకటి కావాలని ఇరికించి పరీక్షించాలని నా కోరిక.

24వ పేపరు వందమార్కుల పంపకం ఇంకా తెలివైనది. మూడు మూట్ కోర్టులకు 30, ఒక సివిల్, ఒక క్రిమినల్ విచారణను కూర్చుని చూసి రాసినందుకు 30, కక్షిదారు ఇంటర్వ్యూ డైరీకి, కాగితాల తయారీ, ఫైలింగ్ చూసి రాసినందుకు 30, మౌఖికానికి 10. మూట్‌లో ఒక్కోదానికి అయిదు మార్కులు రాతకు, అయిదు వాదనకు. నోరున్నవాడూ కలమున్నవాడూ ఇద్దరూ సగం దగ్గరే ఆగిపోతారు.

విచారణ చూడటానికి మన ప్రాంతంలో కరువేముంది! నర్సీపట్నం రోడ్డు మీద గంజాయి కేసులు తెగవు. మధ్యవర్తుల నివేదికలో సంచీలో దొరికిందని రాశారా, ఒంటి మీద దొరికిందని రాశారా అని డిఫెన్సు లాయరు గుచ్చి గుచ్చి అడుగుతుంటే, ఇదేం చాదస్తం అనిపిస్తుంది కొత్తవాడికి. మత్తుమందుల చట్టం 50వ సెక్షన్ మనిషి ఒంటిని సోదా చేసినప్పుడే వర్తిస్తుందని, సంచీకి కాదని 2005లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి గుర్తొస్తేనే ఆ ప్రశ్న ఎందుకో అర్థమవుతుంది.

ఇంత బాగా అల్లిన పేపర్లు చాలాచోట్ల సీనియర్ల రికార్డు పుస్తకాలు దించుకోవడంతో ముగుస్తాయి. 30 అభ్యాసాలూ ఒకే దస్తూరీలో, ఒకే రాత్రిలో పూర్తవుతాయి. లోపం నిబంధనలో లేదు, దిద్దే మనిషి కొరతలో ఉంది. ఫీజు తీసుకునే ప్రైవేటు కాలేజీ ఎర్ర సిరాతో ప్రతి దావానూ దిద్దే పాత ప్లీడరొకరిని పెట్టుకుంటే అదే దాని అసలు పేరు ప్రతిష్ఠ. పైగా ఈ పని తొందరగా పాతబడదు. 2024 జులై 1న ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చినప్పుడు క్రిమినల్ లా నోట్సులన్నీ పాతబడ్డాయి, పాత నేరాలకు పాత చట్టమే కాబట్టి రెండూ చదవక తప్పలేదు. డ్రాఫ్టింగ్ రికార్డు మాత్రం పెద్దగా మారలేదు.

ఆ పది మార్కుల మౌఖికంలో దొంగ దొరికిపోతాడు. చెల్లు తేదీ నాలుగో పేరాలో ఎందుకు పెట్టావు, అయిదో పేరాలో ఎందుకు పెట్టలేదు అని ఎగ్జామినర్ అడిగితే, రాసినవాడు చెప్పగలడు.