మార్కాఫ్ రాసిన పిల్లి వార్త

2012 జూన్‌లో న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చిన ఒక వార్తను జర్నలిజం నేర్చుకునే పిల్లల చేత వాక్యం వాక్యం చదివించాలని నా కోరిక. రాసినవారు జాన్ మార్కాఫ్. విషయం: గూగుల్ ప్రయోగశాలలో ఒక న్యూరల్ నెట్‌వర్క్, ఎవరూ చెప్పకుండానే, పిల్లిని గుర్తుపట్టడం నేర్చుకుంది.

ముందు ఇంట్రో చూడండి. గూగుల్ వారి రహస్యమైన ఎక్స్ ల్యాబ్‌లోకి మనల్ని తీసుకెళ్తారు. 16,000 ప్రాసెసర్లను కలిపారని, యూట్యూబ్ వీడియోల నుంచి తీసిన కోటి బొమ్మలు దాని ముందు పోశారని చెబుతారు. ఇంత హంగూ చెప్పి, మరి ఆ యంత్రం ఏం చేసిందని అడుగుతారు. యూట్యూబ్ ముందు కూర్చున్న జనం చేసే పనే చేసింది, పిల్లుల కోసం వెతికింది! చదివేవాడికి నవ్వొస్తుంది. ఆ నవ్వుతోపాటే అసలు సంగతీ బుర్రకెక్కుతుంది: ఆ కోటి బొమ్మల్లో ఏ ఒక్కదాని మీదా 'ఇది పిల్లి' అని చీటీ లేదు.

అసలు పనితనం ఆ తరవాత ఉంది. నెట్‌వర్క్ పొర వెంట పొరగా లక్షణాలను ఏరుకుంటూ పోయి, కలలో కనిపించినట్టుండే పిల్లి బొమ్మ ఒకటి తయారు చేసుకుందని వర్ణిస్తారు. మెదడులో అమ్మమ్మ ముఖానికి మాత్రమే స్పందించే న్యూరాన్ ఉంటుందేమోనన్న నాడీ శాస్త్రవేత్తల ఊహనూ ప్రస్తావిస్తారు. విలేఖరి జారిపడేది సరిగ్గా ఇక్కడే. యంత్రానికి మెదడు మొలిచిందని రాసెయ్యడానికి ఇంతకన్నా మంచి సందు దొరకదు. మార్కాఫ్ మాత్రం ఆ పరిశోధన నడిపినవారిలో ఒకరైన ఆండ్రూ ఎంగ్‌ను ముందుకు తెస్తారు. మనిషి మెదడులో చూపుకు పనికొచ్చే భాగం ఈ నెట్‌వర్క్ కంటే పది లక్షల రెట్లు పెద్దదని ఆయన బృందం రాసిన మాటనే ఉటంకిస్తారు. హెచ్చరిక కోసం బయటి విమర్శకుణ్ని వెతక్కుండా, ఆ ఘనత సాధించినవారి నుంచే రాబట్టారు.

దీని విలువ తెలియాలంటే ఇదే పత్రిక 1958 జూలై 8న అచ్చేసిన ఒక ఏజెన్సీ వార్త చూడాలి. ఫ్రాంక్ రోజెన్‌బ్లాట్ రూపొందించిన పర్‌సెప్ట్రాన్ అనే తొలితరం న్యూరల్ నెట్‌వర్క్‌ను అమెరికా నౌకాదళం ప్రదర్శించింది. నడిచే, మాట్లాడే, చూసే, రాసే, తనలాంటి వాటిని తానే పుట్టించే, తానున్నానని ఎరిగే యంత్రానికి ఇది పిండమని మొదట్లోనే రాశారు. ఆ రోజు నిజంగా జరిగిందేమిటంటే, వాతావరణ శాఖ వారి 20 లక్షల డాలర్ల ఐబీఎం 704 కంప్యూటర్ 50 ప్రయత్నాల తరవాత కుడి ఎడమల తేడా పట్టింది. అదీ ఆ వార్తలోనే ఉంది, కాకపోతే కింద ఉంది. రాసినాయన అబద్ధమేమీ ఆడలేదు. ఆశను పైన పెట్టి, కళ్ళతో చూసినదాన్ని కిందికి నెట్టారు, అంతే.

మార్కాఫ్ పాలో ఆల్టోలో పెరిగారు. 1988లో టైమ్స్‌లో చేరి 2016 దాకా సిలికాన్ వ్యాలీ గురించి రాశారు. 2015లో వచ్చిన ఆయన పుస్తకం 'మెషీన్స్ ఆఫ్ లవింగ్ గ్రేస్'లో స్టాన్‌ఫర్డ్‌కు చెరో పక్కన ఉన్న రెండు ప్రయోగశాలల కథ ఉంది. మనిషి బదులు ఆలోచించే యంత్రం కావాలన్నది జాన్ మెకార్తీ దారి, మనిషి ఆలోచనకే బలమివ్వాలన్నది డగ్లస్ ఎంగెల్‌బర్ట్ దారి. ఆ మెకార్తీ దగ్గరే మన కాటూరు నుంచి వెళ్ళిన దబ్బల రాజగోపాల్ రెడ్డి 1966లో డాక్టరేట్ చేశారు, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

పిల్లి వార్తలో ఒక్క లోటు చెప్పక తప్పదు. హెడ్డింగ్‌లో 16,000 కంప్యూటర్లు అని పడింది. పరిశోధన పత్రం ప్రకారం యంత్రాలు 1,000 మాత్రమే. 16,000 అనేది వాటిలోని ప్రాసెసర్ కోర్ల లెక్క. లోపల మార్కాఫ్ రాసింది ప్రాసెసర్లనే. హెడ్డింగులు మామూలుగా డెస్క్ పెడుతుంది కనుక ఈ పొరపాటును ఆయన ఖాతాలో వెయ్యడానికి నాకు మనసొప్పదు.

వార్తలో చివరి మాట కూడా ఎంగ్‌దే. ఉన్న పద్ధతులనే మరింత పెద్దగా నడిపితే పని జరిగిపోతుందంటే అంతకన్నా కావలసిందేముంది, కానీ సరైన పద్ధతి ఇంకా చేతికి రాలేదనిపిస్తోందని ఆయన అనుమానం. స్థలం చాలకపోతే డెస్క్ వాళ్ళు ముందుగా కోసేది చివరి పేరానే. ఇంత ముఖ్యమైన మాటను అక్కడ ఉంచడానికి తెగువ కావాలి. అదే ఏడాది టొరంటోలో జెఫ్రీ హింటన్ శిష్యులు రెండంటే రెండు గ్రాఫిక్స్ కార్డుల మీద తయారు చేసిన నెట్‌వర్క్, బొమ్మలను గుర్తుపట్టే ఇమేజ్‌నెట్ పోటీలో అందరినీ దాటేసింది. 2013లో ఎంగ్ బృందమే గూగుల్ నెట్‌వర్క్ అంతటిదాన్ని మూడు యంత్రాల మీద నడిపి చూపింది. 2017లో ట్రాన్స్‌ఫార్మర్ అనే కొత్త రకం నెట్‌వర్క్ వచ్చాక, పద్ధతి కుదిరితే పరిమాణం ఎంత దూరం తీసుకెళ్తుందో అందరం చూశాం. పద్ధతా, పరిమాణమా అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది. 2012లో ఆ చివరి పేరా చదివిన పాఠకుడికి అది అప్పుడే తెలుసు.