ఉద్యోగం పోయిన మనిషి, సాహిత్యం

మన కథాసాహిత్యంలో ఉద్యోగం పోవటమన్నది తరచుగా ఒక సంఘటన మాత్రమే. పాత్రను కష్టాలలోకి నెట్టడానికి రచయితకొక సాధనం కావాలి. యజమాని చేత రెండు మాటలు అనిపించి బయటికి పంపితే ఆ పని జరిగిపోతుంది. తరువాత ఇల్లాలి మెడలోని పుస్తెలు, కొట్లో బాకీ, పిల్లవాడి జ్వరం వరుసగా వస్తాయి. ఇవన్నీ నిజమే, కాదనలేము. కాని ఆ మనిషి “ఇక నేనేం చేయాలి?” అని తన్ను తాను ప్రశ్నించుకునే ఘట్టానికి వచ్చేసరికి కలం చల్లబడుతుంది. ఆ ప్రశ్నను వదలక వెంబడించిన రెండు ప్రసిద్ధ రచనలు ఎంతదూరం వెళ్ళాయో, ఎక్కడ ఆగాయో పరిశీలించటం మనకు ఉపయోగకరం.

జర్మన్ రచయిత హాన్స్ ఫలాడా 1932లో ప్రచురించిన నవల పేరే ఒక ప్రశ్న: “చిన్న మనిషీ, ఇప్పుడేమిటి?” ఆ ఏడాది మొదట్లో జర్మనీలో నమోదైన నిరుద్యోగుల సంఖ్య 60 లక్షలు దాటింది. కథానాయకుడు పినెబెర్గ్ వీరుడు కాడు, గుమాస్తా. ఒక ధాన్యం వర్తకుని దగ్గర అతని మొదటి ఉద్యోగం పోయింది. పనిలో లోపం లేదు. యజమాని తన కూతురిని అతనికి కట్టబెట్టాలని చూస్తుండగా, అతనికి అదివరకే పెళ్ళయిందన్న సంగతి బయటపడింది, అంతే. ఒకరిని తీసేస్తే అందరమూ మానేద్దామని అంతకుముందు గుమాస్తాలు మాట ఇచ్చుకున్నారు. అవసరం వచ్చినప్పుడు ఆ మాట నిలబడలేదు.

రెండవ ఉద్యోగం బెర్లిన్‌లో, ఒక పెద్ద దుకాణంలో బట్టలు అమ్మటం. ఎవరు నెలకు ఎంత అమ్మాలో లెక్క కట్టే అధికారి అక్కడికి వస్తాడు. ఆనాటి నుంచి పక్కనున్న తోటి ఉద్యోగి స్నేహితుడుగా కాక పోటీదారుగా కనిపించటం మొదలవుతుంది. లెక్క పూర్తికాని ఒకనాడు, తాను తెరమీద ఎంతో అభిమానించిన నటుడు దుకాణానికి వస్తాడు. బట్టలన్నీ తిరగవేసి, ఏదీ కొనకుండా లేస్తాడు. పినెబెర్గ్ అతని చెయ్యి పట్టుకుని బతిమాలుతాడు. ఫిర్యాదు వెళుతుంది, ఉద్యోగం పోతుంది. తెరమీద పేదవాడి బాధను అభినయించిన మనిషి, ఎదుట నిలిచిన పేదవాణ్ణి గుర్తించలేకపోయాడు. కళను గురించి ఇంతకంటె కఠినమైన విమర్శ ఫలాడా మరెక్కడా చేయలేదు.

ఈ నవల బలం ఒక చిన్న వస్తువులో ఉన్నది: చొక్కా కాలరు. పినెబెర్గ్ భార్య ఎమ్మా కార్మిక కుటుంబంలో పుట్టిన పిల్ల. తాము కార్మికులకంటె ఒక మెట్టు పైనున్నామనుకునే గుమాస్తాలను చూసి ఆమె తండ్రి నవ్వుతాడు. ఆ నవ్వు కటువైనదే కాని అందులో నిజమున్నది. పినెబెర్గ్‌కు మిగిలిన ఆస్తి ఆ మెట్టొక్కటే. చివరకు కాలరు లేని మెడతో, మాసిన బట్టలతో బెర్లిన్ వీధిలో దుకాణపు అద్దం ముందు నిలిచినప్పుడు పోలీసువాడు అతణ్ణి కాలిబాట మీదినుంచి దించివేస్తాడు. ఉద్యోగంతోపాటు పోయింది జీతమొక్కటే కాదని, వీధిలో నిలబడే హక్కు కూడా పోయిందని పాఠకుడికి అప్పుడర్థమవుతుంది.

కాని టైటిల్లోని ప్రశ్నకు ఫలాడా ఇచ్చిన జవాబు ఎమ్మా ప్రేమ. ఆ ప్రేమ అబద్ధమని ఎవరూ అనలేరు. అయితే అది ఆ రాత్రికి జవాబే గాని మరునాటికి కాదు. పైగా ఆ రోజులలో ఇల్లు గడుస్తున్నది ఎమ్మా ఇళ్ళకు వెళ్ళి చేసే కుట్టుపని మీద. భర్త ఇంట్లో బిడ్డను చూసుకుంటున్నాడు. ఆమె శ్రమా శ్రమేనని, అతడిప్పుడు చేస్తున్నదీ పనేనని నవల ఒక్క క్షణం ఆగి ఆలోచించి ఉంటే జవాబు మరొకలా ఉండేది. రచయిత దానిని మగవాని అవమానంగా మాత్రమే చూశాడు.

ఆర్థర్ మిల్లర్ నాటకం “డెత్ ఆఫ్ ఎ సేల్స్‌మన్” 1949లో వచ్చింది. విల్లీ లోమన్ వయస్సు 63. ఊళ్ళు తిరగలేనని, న్యూయార్కులోనే ఏదైనా పని ఇమ్మని యజమాని కొడుకును అడగటానికి వెళతాడు. ఆ యువకుడు కొత్తగా కొన్న శబ్దగ్రాహక యంత్రంతో ఆడుకుంటుంటాడు. విల్లీ అడిగే వారపు జీతం మొదట 65 డాలర్లు, తరువాత 50, తరువాత 40. ఈ మూడు అంకెలు చాలు. మరొక రచయిత మూడు పేజీల కన్నీటితో చేయలేని పని ఇవి చేస్తాయి. మనిషి తన ధరను తానే తగ్గించుకుంటూ పోవటం మనం కళ్ళారా చూస్తాము. ఆ 40కి కూడా అతడు అక్కరలేదు.

అయితే విల్లీకి వేరే దారి లేకపోలేదు. పొరుగువాడు చార్లీ ఉద్యోగమిస్తానంటాడు, విల్లీ తీసుకోడు. అంతకంటె ముఖ్యం, అతని చేతులలో పని ఉన్నది. సిమెంటుతో, కర్రతో ఇంటికి ఏదో ఒకటి కట్టుకున్నప్పుడే అతడు సంతోషంగా ఉండేవాడని అతను పోయిన తరువాత కుటుంబం చెప్పుకుంటుంది. నలుగురూ మెచ్చుకునే అమ్మకందారుగా తప్ప తనను తాను ఊహించుకోలేని మనిషి, చివరకు జీవితబీమా సొమ్ముకోసం ప్రాణాన్నే అమ్ముకుంటాడు. కొత్తగా ఆలోచించిన వాడు పెద్దకొడుకు బిఫ్ ఒక్కడే. మిల్లర్ ఫలాడా కంటె ఒక అడుగు ముందుకు వేశాడు. యజమాని త్రాసుతోనే తన్ను తాను తూచుకునే అలవాటును వ్యాధిగా గుర్తించాడు. కాని చికిత్సను ఒక కొడుకు ఆత్మజ్ఞానానికి వదిలివేశాడు.

ఇక్కడ మనవైపు లోపాన్ని కూడా చెప్పుకోవాలి. ఉద్యోగం పోయినవాడు ఆకలితో మండిపోయి, చివరి పేరాలో పిడికిలి బిగించి ఊరేగింపులో కలిసే కథలు అభ్యుదయ సాహిత్యంలో కొల్లలు. ఇది వాస్తవమా? వియన్నా దగ్గర మారియెంతాల్ అనే ఊరిలో బట్టలమిల్లు మూతపడ్డ తరువాత మరీ యహోదా, లాజర్స్‌ఫెల్డ్, జైసెల్ అక్కడి జీవితాన్ని పరిశోధించి 1933లో ఒక గ్రంథం ప్రకటించారు. ఊరంతటికీ తీరిక దొరికినా గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకునేవారు తగ్గిపోయారు. మగవారి నడక నెమ్మదించింది. రోజంతా ఏంచేశారంటే చాలామంది చెప్పలేకపోయారు. స్త్రీలకు మాత్రం ఇంటిచాకిరీ ఎప్పటిలాగే ఉన్నది. పని పోవటం దానంతటది తిరుగుబాటును పుట్టించదు. ముందు నిస్తబ్ధతను పుట్టిస్తుంది. నిస్తబ్ధతనుంచి ఆలోచనకు, ఆలోచననుంచి మరొకరి చెయ్యి పట్టుకోవటానికి ఉన్న దూరాన్ని చూపవలసిన బాధ్యత రచయితది. ఆ దూరాన్ని ఒక్క వాక్యంలో దాటించటం ఆశావాదం కాదు, బద్ధకం.

తెలుగులో రావిశాస్త్రి “అల్పజీవి” సుబ్బయ్య భయాన్ని మనకు చూపించింది. కాని అది ఉద్యోగంలో ఉన్న గుమాస్తా భయం. ఆ ఉద్యోగమే పోయిన మరునాటి ఉదయం సుబ్బయ్య ఏంచేస్తాడన్నది ఇంకా రాయవలసిన నవల. ఇవాళ సుబ్బయ్య వేషం మారింది. 2022, 2023 సంవత్సరాలలో పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీలు వేల సంఖ్యలో ఉద్యోగులను తొలగించినప్పుడు, అమెరికాలో హెచ్-1బీ వీసాపై ఉన్న తెలుగువారికి కూడా ఆ దెబ్బ తగిలింది. అలాంటి ఉద్యోగి సాధారణంగా 60 రోజులలోగా మరొక యజమానినో, మరొక దారినో చూసుకోవాలి, లేదా దేశం విడవాలి. పినెబెర్గ్‌ను పోలీసువాడు కాలిబాట మీదినుంచి దించాడు. ఇక్కడ ఆ పని తేదీ చేస్తున్నది. తనది పనివాని బతుకు కాదని నిన్నటిదాకా నమ్మిన మనిషి మెడలో కూడా ఒక కాలరున్నది.

కనుక “తరువాత ఏం చేయాలి?” అన్న ప్రశ్నలో రెండు ప్రశ్నలున్నాయి. ఏ పని వెతుక్కోవాలన్నది ఒకటి. దానికి పత్రికల ప్రకటనలు జవాబు చెప్పగలవు. నా విలువను ఇంతకాలం ఎవరు కొలిచారు, ఆ కొలతను నేనెందుకు ఒప్పుకున్నానన్నది రెండవది. దీనికి సాహిత్యమే పూనుకోవాలి. గుమాస్తాలు ఇచ్చుకున్న మాట ఎందుకు నిలబడలేదో, అది నిలబడాలంటే ఏం కావాలో చెప్పగల నవల వచ్చిననాడు చిన్న మనిషి ప్రశ్నకు సగం జవాబు దొరికినట్లే.