పాత్రధారణ క్రీడలలో ప్రాప్త్యాశ

నాయకుని కార్యమునకు ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని లాక్షణికులు ఐదవస్థలు చెప్పిరి. వీనిలో ప్రాప్త్యాశ నడిమిది. ఉపాయము చేతికందినట్లే యుండును, అపాయశంకయు వెన్నాడుచుండును. ప్రేక్షకుని ఉత్కంఠకు ఇదియే ఆయువుపట్టు. నాటకమున ఫలాగమము కవికి ముందే తెలియును. ఫలము ఎవ్వరికిని ముందు తెలియని కథలో ఈ యవస్థ ఎట్లు సిద్ధించును? పాశ్చాత్యదేశములలో పెరిగిన పాత్రధారణ క్రీడలు ఈ ప్రశ్నకు ఒక సమాధానము చూపుచున్నవి.

ఈ క్రీడకు కొందఱు బల్లచుట్టు కూర్చుందురు. ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర వహించి, అది యేమి చేయునో, ఏమి పలుకునో చెప్పుదురు. నిర్వాహకుడు లోకమును, తక్కిన పాత్రలను నడుపును. ఫలము సందిగ్ధమైనచోట పాచికలు వేయుదురు. అమెరికాలో గైగాక్స్, ఆర్నెసన్‌లు 1974లో ప్రకటించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఈ సంప్రదాయమునకు మూలము. అది యుద్ధక్రీడలనుండి పుట్టినది. కావున పోరాటమున పాచిక చెప్పునది ప్రధానముగా దెబ్బ తగిలినదా, తప్పినదా యనుటయే.

విన్సెంట్ బేకర్ 2010లో ప్రకటించిన 'అపొకలిప్స్ వరల్డ్' మార్గము వేఱు. రెండు పాచికల మొత్తము 10 గాని అంతకు మించి గాని యైనచో పూర్ణసిద్ధి. 7 మొదలు 9 వఱకు సిద్ధి కలుగును గాని, సాధారణముగా దానికొక మూల్యమో, కఠినమైన యెంపికయో తప్పదు. 6 గాని అంతకు తక్కువ గాని పడినచో కథ నిర్వాహకుని చేతికి పోవును. పాచికలు పడు విధములు 36. వానిలో 6 పూర్ణసిద్ధికి, 15 మధ్యమఫలమునకు, 15 వైఫల్యమునకు చెందును. పాత్రగుణమువలన ఒక్క అంకె కలిసినచో మధ్యమఫలము 16కు పెరుగును; తక్కినవి రెండును పదేసి యగును. లాక్షణికులు ఉపాయాపాయముల కలయికగా చెప్పిన యవస్థ ఇచ్చట లెక్కలోనే ఇమిడియున్నది. కవి ప్రతిభ చేయవలసిన పనిని నియమము చేయుచున్నది.

నిర్వాహకుడే కవి యని కొందఱు తలంతురు. కథను ముందే అల్లుకొని క్రీడాకారులను ఆ దారినే నడిపించువారును కలరు. అట్టిచోట పాత్రధారి ప్రేక్షకుడగును, ప్రాప్త్యాశ నటన యగును. బేకర్ గ్రంథము కథను ముందుగా నిర్ణయింపరాదని నిర్వాహకుని స్పష్టముగా శాసించినది. మన అవధానమున నిషేధాక్షరి పృచ్ఛకుని అడ్డంకియే పద్యమును ఊహింపని త్రోవ పట్టించును. పాచిక చేయునదియు అట్టిదే.

అయినను ఈ మార్గమున లోపము లేకపోలేదు. మూల్యము మాటిమాటికి చెల్లింపవలసినచో నిర్వాహకుని కల్పన అలసిపోవును. చేసిన పనితో సంబంధము లేని ఆపద తెచ్చిపెట్టినచో ఔచిత్యము చెడును. అంతకు మించి, ప్రాప్త్యాశను పుట్టించిన నియమము నియతాప్తికి దారి చూపదు. కథ చిక్కునుండి చిక్కునకు సాగుచునే యుండవచ్చును. జేసన్ మార్నింగ్‌స్టార్ 2009 నాటి 'ఫియాస్కో' ఇందుకు భిన్నము. అందు నిర్వాహకుడే లేడు. రెండంకముల నడుమ ఒక మలుపును, తుదకు ప్రతిపాత్రకు గతియు పాచికలే నిర్ణయించును. ముగింపు తప్పక సిద్ధించును. కాని ఒక్క కూర్చున్నపాటునకు మించిన దీర్ఘకథకు అది యనువుగాదు.

కావున ఈ క్రీడలను విమర్శించువాడు ఆడినవారు చెప్పిన కథను మాత్రమే చూచిన చాలదు. అది చెప్పిన క్షణముననే ముగియును. నిలిచియుండునది నియమగ్రంథము. ఏ నియమము ఏ యవస్థను కలిగించుచున్నది, దేనిని విడిచినది అని పరీక్షించుటయే ఇచ్చట విమర్శకుని పని.